ఢిల్లీలో ఎక్కడ దిగాలి, ఎక్కడ తిరగాలి: నాలుగుసార్లు వెళ్లొచ్చాక నా అభిప్రాయం

ఢిల్లీ వెళ్తున్నామని చెప్పగానే అందరూ ఏమేం చూడాలి అని అడుగుతారు, ఎర్రకోట, కుతుబ్ మినార్, ఇండియా గేట్ అని ఆ జాబితా ఎవరైనా చెప్పేస్తారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది రూమ్ ఎక్కడ తీసుకోవాలన్నది. ఎందుకంటే ఢిల్లీలో ఒక పేటకీ ఇంకో పేటకీ పోలికే ఉండదు, దిగిన చోటు సరిగ్గా లేకపోతే సాయంత్రానికి మనిషి సగమైపోయి, మర్నాడు బయటికి రావాలంటేనే విసుగొస్తుంది. నేను నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి ఇంటర్వ్యూ కోసం ఒంటరిగా పహాడ్‌గంజ్‌లో, రెండోసారి అమ్మానాన్నలతో కరోల్ బాగ్‌లో, మూడోసారి ఆఫీసు పనిమీద ఎయిర్‌పోర్ట్ పక్కనున్న ఏరోసిటీలో, చివరిసారి ఒక ఫ్రెండ్‌తో వారం రోజులు గ్రీన్ పార్క్ దగ్గర ఉన్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: పడుకోవడానికి దక్షిణ ఢిల్లీ, కాళ్లరిగేలా తిరగడానికి పాత ఢిల్లీ, చేతిలో ఒక్క పూటే ఉంటే మాత్రం ఇంకేదీ ఆలోచించకుండా నిజాముద్దీన్.

పహాడ్‌గంజ్ సంగతి ముందు చెప్తాను, మనవాళ్లలో చాలామంది అక్కడే దిగుతారు కాబట్టి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీ స్టేషన్‌కి వెళ్తాయి, ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు బయటికొస్తే రోడ్డు దాటగానే పహాడ్‌గంజ్. అవతలి వైపు, అజ్మేరీ గేట్ పక్క, మెట్రో ఉంది, ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే ఎక్స్‌ప్రెస్ లైన్ కూడా అక్కడి నుంచే. అంటే రాకపోకలకి ఇంతకన్నా వీలైన చోటు లేదు, రూములు కూడా చవక. కానీ ఆ చవక దేనివల్లో లోపలికి వెళ్తే తెలుస్తుంది. నాకిచ్చిన గదికి కిటికీ ఉంది, తలుపు తీస్తే అర అడుగు దూరంలో పక్క బిల్డింగ్ గోడ. గాలాడదు, రాత్రి ఒంటిగంట దాకా కింద హారన్ల మోత. ఒంటరిగా ఒక్క రాత్రి ఉండి పొద్దున్నే రైలెక్కేవాళ్లకి సరిపోతుంది. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్తుంటే మాత్రం వద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇది నాకు జరిగింది కాబట్టి చెప్తున్నాను. స్టేషన్ బయట ఆటో ఎక్కి హోటల్ పేరు చెప్పాను. కొంచెం దూరం పోయాక డ్రైవరు "ఆ గల్లీ మూసేశారు, గొడవలవుతున్నాయి, మీ హోటల్‌కి ఫోన్ చేసి చూడండి" అన్నాడు, తనే ఒక నంబరు కలిపిచ్చాడు, అవతల మనిషి రూము క్యాన్సిల్ అయిందన్నాడు. అక్కణ్ణుంచి నన్ను ఒక ట్రావెల్ ఆఫీసుకి తీసుకెళ్లాడు, బోర్డు మీద ప్రభుత్వ టూరిస్టు కార్యాలయం అన్నట్టుగా రాసి ఉంది, లోపల మర్యాదగా టీ ఇచ్చి మూడింతల రేటుకి ఇంకో హోటల్ చూపించారు. నేను భయపడి డబ్బు కట్టేశాను. మర్నాడు నడుచుకుంటూ వెళ్లి చూస్తే నేను బుక్ చేసుకున్న హోటల్ తెరిచే ఉంది, గల్లీలో ఏ గొడవా లేదు. హోటల్‌కి ఫోన్ మీ ఫోన్లోంచి, మీ దగ్గరున్న నంబరుకే చేయండి. కేంద్ర పర్యాటక శాఖ ఆఫీసు ఉన్నది 88 జన్‌పథ్‌లో, బోర్డు చూసి ఇంకెక్కడా నమ్మొద్దు. భాష రాని ఊళ్లో ఆ పది నిమిషాల టెన్షన్ ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు.

ఇక పాత ఢిల్లీ. షాజహాన్ ఆగ్రా నుంచి రాజధాని మార్చాలని 1639లో పునాది వేయించిన ఊరు ఇది, షాజహానాబాద్. ఎర్రకోట లాహోరీ గేటు నుంచి ఫతేపురీ మసీదు దాకా తిన్నగా ఉన్న వీధే చాందినీ చౌక్. కిలోమీటరున్నర కూడా ఉండదు. ఆ కాస్త దూరంలోనే జైనుల లాల్ మందిర్, పక్కనే గౌరీశంకర్ గుడి, ఒక చర్చి, సిక్కుల గురువు తేగ్ బహదూర్ తలని ఔరంగజేబు నరికించిన చోట వెలిసిన సీస్‌గంజ్ గురుద్వారా, దాని పక్కన సునెహ్రీ మసీదు, అన్నీ ఒకే వీధి మీద వరసగా వస్తాయి. 2021లో ఈ వీధిని బాగుచేసి పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు బళ్లు రాకూడదని పెట్టారు. అందుకని నడవడం ముందుకన్నా చాలా నయం. కానీ పక్క గల్లీల్లోకి తిరిగితే మళ్లీ అదే పాత ప్రపంచం: నెత్తిమీద చిక్కుపడ్డ కరెంటు తీగలు, మధ్యలో కోతులు, మనిషి పక్కకి తప్పుకునే లోపు మీదికొచ్చే తోపుడు బళ్లు.

చావ్‌డీ బజార్ స్టేషన్లో దిగి చూడండి, అసలు తేడా అక్కడ తెలుస్తుంది. స్టేషన్ భూమి లోపల బాగా లోతున ఉంది, ఎస్కలేటర్ మీద ఎస్కలేటర్ ఎక్కుతూ రావాలి, కిందంతా చల్లగా, శుభ్రంగా, అద్దంలా ఉంటుంది. చివరి మెట్టు ఎక్కి బయట కాలు పెట్టగానే ఇసకేస్తే రాలనంత జనం, ఇత్తడి కుళాయిలు, శుభలేఖల దుకాణాలు, రిక్షా గంటలు. ఒక్క నిమిషంలో మూడొందల ఏళ్లు దాటొచ్చినట్టుంటుంది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని పది నిమిషాల దాకా వదల్లేదు.

పాత ఢిల్లీలో నాకు బాగా నచ్చింది కినారీ బజార్. పెళ్లిళ్ల సామాను అంతా అక్కడే, జరీ అంచులు, బట్టల మీద కుట్టే గోటా మెరుపు పట్టీలు, తలపాగాలు, నోట్ల దండలు. శీతాకాలం పొద్దున్నే వెళ్తే అక్కడ దౌలత్ కీ చాట్ అమ్మేవాళ్లు కనబడతారు. పేరులో చాట్ ఉంది గానీ కారం, పులుపు ఏమీ ఉండవు. రాత్రంతా మంచులో పెట్టిన పాలని తెల్లవారుజామున చిలికి, ఆ నురగ మాత్రం తీసి పళ్లెంలో గుట్టగా పోస్తారు, మీద కాస్త కుంకుమపువ్వు రంగు, కోవా, పొడి చక్కెర. చెంచాతో తీసుకుంటే బరువే తెలియదు, నోట్లో పెట్టుకుంటే నమిలే పనిలేదు, చల్లగా కరిగిపోయి పాల వాసన మాత్రం మిగులుతుంది. ఎండెక్కితే నురగ దిగిపోతుంది కాబట్టి మధ్యాహ్నానికి మంచిది దొరకదు, ఎండాకాలంలో అసలే ఉండదు. డిసెంబరు, జనవరిల్లో వెళ్లేవాళ్లు దీనికోసమైనా పొద్దున్నే లేవండి. ఆ బజార్లోనే నౌఘరా అని ఒక చిన్న సందు ఉంది, తొమ్మిది పాత జైన ఇళ్లు, గుమ్మాల మీద రంగులేసిన పూలు, లతలు, చివర గుడి. బజారు రొద అంతా ఆ సందు మొదట్లోనే ఆగిపోతుంది.

ఖారీ బావ్‌లీ మసాలా మార్కెట్‌కి వెళ్తే చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి. ఎండుమిర్చి బస్తాల మధ్య నుంచి నడుస్తుంటే ముందు ముక్కు, తర్వాత గొంతు మండటం మొదలవుతుంది, చుట్టూ ఉన్నవాళ్లంతా దగ్గుతూనే ఉంటారు, మూటలు మోసే హమాలీలు కూడా. గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లినవాళ్లకి ఆ ఘాటు కొత్త కాదు. ఆదివారం ఈ మార్కెట్ దాదాపు మూసి ఉంటుంది. సోమవారం ఎర్రకోటకి సెలవు. ఈ రెండు రోజులూ వదిలేసి ప్లాన్ చేసుకుంటే అన్నీ చూడొచ్చు.

జామా మసీదు సాయంత్రం చూడాలి, వేసవిలో అయితే మరీను. ఆ రాతి ఆవరణ ఎండకి పెనంలా కాలుతుంది, చెప్పులు బయట విడవాలి, అందుకని సంచిలో ఒక జత సాక్సులు పెట్టుకోవడం మంచిది. తిండి విషయానికొస్తే, చాందినీ చౌక్‌లో దరీబా అనే వీధి మూలమీద 1884 నుంచి ఉన్న జిలేబీ దుకాణం, మసీదు దగ్గర 1913 నుంచి ఉన్న కరీమ్స్, రెండూ పేరుకి తగ్గట్టే ఉన్నాయి. పరాఠేవాలీ గల్లీలో పరాఠాలని నెయ్యిలో పూరీల్లా వేయిస్తారు, రెండు తింటే ఆ పూటకి చాలు.

పాత ఢిల్లీతో అసలు కష్టం కూర్చోవడానికి చోటు లేకపోవడం, శుభ్రమైన బాత్రూం దొరకకపోవడం. మోకాళ్ల నొప్పులున్న అమ్మని తీసుకెళ్లినప్పుడు ఈ రెండింటితోనే ఇబ్బంది పడ్డాం. పెద్దవాళ్లుంటే సైకిల్ రిక్షా మాట్లాడుకోండి, ఎన్ని చోట్ల ఆపాలో, మొత్తం ఎంతో ఎక్కకముందే తేల్చుకోండి. మూడు గంటలకి మించి పెట్టుకోవద్దు. రాత్రి బస అక్కడ వద్దని ఎందుకంటున్నానంటే, ఆ ఊరు ఒంట్లో శక్తినంతా లాగేస్తుంది. అలసి వచ్చాక నిశ్శబ్దంగా పడుకునే గది ఒకటి ఉండాలి.

అక్కణ్ణుంచి మెట్రో ఎక్కితే కాసేపట్లో కన్నాట్ ప్లేస్. పక్కపక్కనే ఉన్నా రెండింటికీ సంబంధమే లేదు. 1911లో రాజధాని కలకత్తా నుంచి మారుస్తున్నామని బ్రిటిషువాళ్లు ప్రకటించి, ఇరవై ఏళ్లు కట్టి, 1931లో కొత్త ఢిల్లీని ప్రారంభించారు. కన్నాట్ ప్లేస్ ఆ తర్వాత రెండేళ్లకి పూర్తయింది. తెల్లటి స్తంభాల వరండాలు గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి, చూడ్డానికి దర్జాగా ఉంటుంది. గుండ్రంగా ఉండటమే కొత్తవాళ్లకి చిక్కు, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. బ్లాక్ అక్షరం గుర్తు పెట్టుకోకపోతే తిరిగినచోటే తిరుగుతాం. రాజీవ్ చౌక్ స్టేషన్లో గేటు నంబరు చూసుకుని బయటికి రండి, తప్పు గేటులో వస్తే అర కిలోమీటరు అదనం.

మనవాళ్లకి ఈ వైపు ఒక పెద్ద ఊరట, అశోకా రోడ్డు మీదున్న ఆంధ్రా భవన్ క్యాంటీన్. నాలుగు రోజులు రోటీలు తిన్న మనిషికి వేడన్నం, పప్పు, పొడి, నెయ్యి, పులుసు పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నాన్న ఢిల్లీలో మొదటిసారి నోరు విప్పి బాగుందన్నది అక్కడే. మధ్యాహ్నం తొక్కిసలాటగా ఉంటుంది, తినేవాళ్ల వెనక నిలబడి కుర్చీ కోసం కాచుకోవాలి, ఆదివారం మరీ ఎక్కువ. కొంచెం ముందే వెళ్లండి. అక్కణ్ణుంచి బంగ్లా సాహిబ్ గురుద్వారా పెద్ద దూరం కాదు, తలమీద గుడ్డ కప్పుకుని వెళ్లి ఆ కోనేటి గట్టున కాసేపు కూర్చుంటే ఊరి హడావిడి అంతా దిగిపోతుంది. పెద్దవాళ్లకి ఢిల్లీ మొత్తంలో ఇంతకన్నా హాయిగా కూర్చునే చోటు నాకు కనబడలేదు.

నేషనల్ మ్యూజియం చాలామంది వదిలేస్తారు, వదలొద్దు. హరప్పా గదిలో మొహెంజొదారో నాట్యకత్తె బొమ్మ ఉంటుంది, పుస్తకాల్లో చూసి నేను చాలా పెద్దదనుకున్నాను, పది సెంటీమీటర్ల పైన కాస్త, అంతే. అరచేతిలో పట్టే బొమ్మ, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ నిలబడటంలో ఎంత ధీమానో. నాగార్జునకొండ శిల్పాలు కూడా ఉన్నాయి, మన పల్నాటి సున్నపురాయి అంత దూరంలో కనబడితే కాళ్లు కదలవు. మ్యూజియానికి కూడా సోమవారం సెలవే.

ఇక కర్తవ్య పథ్ (ఒకప్పటి రాజ్‌పథ్), ఇండియా గేట్, పక్కనే 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకం. ఇవన్నీ మ్యాపులో దగ్గరగా కనబడతాయి గానీ ఈ రోడ్లు కార్ల కోసం, ఊరేగింపుల కోసం వేసినవి. ఇండియా గేట్ నుంచి రాష్ట్రపతి భవన్ దాకా దాదాపు మూడు కిలోమీటర్లు. పొద్దున్నో, చీకటి పడ్డాకో అయితే సరే. వానల మొదట్లో వెళ్తే మాత్రం చెట్ల కోసం నడవండి, కొన్ని రోడ్లకి రెండు పక్కలా నేరేడు చెట్లు, కిందంతా ఊదారంగు మరకలు, జనం దుప్పట్లు పట్టుకుని పళ్లు రాలుస్తుంటారు.

కరోల్ బాగ్ కుటుంబాలకి పర్వాలేదు, హోటళ్లు బోలెడు, బట్టల షాపింగ్ కింద గుమ్మంలోనే, బ్లూ లైన్ మెట్రో ఉంది, ఇడ్లీ, దోసె కూడా వెతికితే దొరుకుతాయి. ఏరోసిటీ గురించి ఒక్క మాట చాలు: తెల్లవారుజామున ఫ్లైట్ ఉంటే దిగండి, ఢిల్లీ చూడాలనుకుంటే దిగొద్దు. అన్నీ పెద్ద హోటళ్లే, శుభ్రంగా ఉంటుంది, కానీ గేటు బయట ఊరు లేదు.

గ్రీన్ పార్క్, హౌజ్ ఖాస్, సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్ వైపు గెస్ట్‌హౌసులు పహాడ్‌గంజ్ కన్నా ఖరీదే, అయినా నేను ప్రతిసారీ ఇక్కడే ఉండమంటాను. కాలనీ ఇళ్ల మధ్య గది, కిటికీ తీస్తే చెట్లు, మెట్రో ఎల్లో లైన్ దగ్గర కాబట్టి చాందినీ చౌక్‌కి రైలు మారకుండా వెళ్లొచ్చు, అటువైపు కుతుబ్ మినార్‌కి కూడా అదే లైను. పొద్దున్నే డీర్ పార్క్‌లోంచి నడిచి వెళ్తే హౌజ్ ఖాస్ చెరువు, గట్టు మీద ఫిరోజ్ షా తుగ్లక్ సమాధి, మదరసా శిథిలాలు. ఆ పక్కనే హౌజ్ ఖాస్ విలేజ్ రాత్రిళ్లు పబ్బులతో హోరెత్తుతుంది, దానికి కాస్త దూరంగా గది చూసుకోండి. కుతుబ్ మినార్‌కి వెళ్లినవాళ్లు అట్నుంచి అటే వెనక్కి వచ్చేస్తారు. దాని వెనకే మెహ్రౌలీ ఆర్కియాలజికల్ పార్క్, టికెట్ లేదు, జమాలీ కమాలీ మసీదు, రాజోన్ కీ బావ్‌లీ మెట్లబావి, మధ్యలో ముళ్ల చెట్లు, నెమళ్లు. పగటి పూటే వెళ్లండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. షాపింగ్‌కి సరోజినీ నగర్, కొంచెం నిదానంగా చూసుకోవాలంటే ఐఎన్ఏ మెట్రో స్టేషన్ దగ్గర దిల్లీ హాట్ అనే చేతివృత్తుల బజారు.

ఇప్పుడు నిజాముద్దీన్. మధుర రోడ్డుకి ఒక పక్క హుమాయూన్ సమాధి, సుందర్ నర్సరీ అనే పార్కు, రెండో పక్క నిజాముద్దీన్ బస్తీ. రోడ్డు దాటితే చాలు, ఇందాకటి నుంచి నేను చెప్తున్న రెండు ఢిల్లీలూ ఇక్కడ ఎదురెదురుగా ఉంటాయి. ఒకవైపు నీళ్ల కాలవలు, పచ్చిక, మధ్యలో ఎర్రరాయి మీద తెల్ల పాలరాయి గుమ్మటం, తాజ్ మహల్ కన్నా దాదాపు ఎనభై ఏళ్లు ముందుది. సాయంత్రం నాలుగున్నర తర్వాత ఆ రాయి రంగు ఎలా మారుతుందో అక్కడే కూర్చుని చూడాలి. 2018లో తెరిచిన సుందర్ నర్సరీలో పిల్లలు పరిగెడుతుంటారు, పెద్దలు దుప్పటి పరుచుకుని కూర్చుంటారు. ఇక్కడ బాత్రూములున్నాయి, బెంచీలున్నాయి, అమ్మలాంటి వాళ్లకి ఇదే స్వర్గం.

రోడ్డు దాటి బస్తీలోకి వెళ్తే సందు సన్నబడుతూ పోతుంది, గులాబీ రేకుల తట్టలు, ఆకుపచ్చ చాదర్లు, కబాబ్ పొగ, అత్తరు. లోపల నిజాముద్దీన్ ఔలియా దర్గా, ఎదురుగా ఆయన శిష్యుడు అమీర్ ఖుస్రో సమాధి, ఇద్దరూ పోయింది ఒకే ఏడాది, 1325లో. గురువారం సాయంత్రం ఖవ్వాలీ ఉంటుంది. సమాధి గదిలోకి ఆడవాళ్లని పంపరు, జాలీ (చిల్లుల రాతి తెర) పక్కన కూర్చుని దారం కట్టుకుంటారు, ముందే తెలుసుకుని వెళ్తే అక్కడ మనసు నొచ్చుకోకుండా ఉంటుంది.

తెలుగువాళ్లు అక్కణ్ణుంచి ఇంకొంచెం లోపలికి, కలాన్ మసీదు వైపు వెళ్లాలి. అక్కడ ఇళ్ల మధ్య ఇరుక్కుపోయి ఖాన్ జహాన్ మక్బూల్ తిలంగానీ సమాధి ఉంది. తిలంగానీ అంటే తెలుగు దేశపువాడు అని. కాకతీయుల కొలువులో ఉన్న మనిషి, 1323లో ఓరుగల్లు పడిపోయాక ఢిల్లీ చేరి, మతం మారి, చివరికి ఫిరోజ్ షా తుగ్లక్‌కి వజీరు అయ్యాడు. సుల్తాను దండయాత్రలకి పోతే ఢిల్లీని నడిపింది ఈయనే. సమాధి ఎనిమిది పలకల కట్టడం, ఢిల్లీలో ఆ తరహా సమాధుల్లో మొదటిదిగా చెప్తారు. లోదీ గార్డెన్లో, హుమాయూన్ సమాధి ఆవరణలోని ఈసా ఖాన్ సమాధిలో మనం ఫొటోలు తీసుకునే ఎనిమిది పలకల కట్టడాలన్నీ దీని తర్వాతివే. వాటికి పచ్చిక ఉంది, లైట్లున్నాయి, బోర్డులున్నాయి. దీనికి చుట్టూ ఇళ్లు కమ్ముకుని ఎక్కడ నిలబడినా మొత్తం కనబడదు, మేం వెళ్లిన రోజు ఒక మూల బట్టలు ఆరేసి ఉన్నాయి. దారి ముగ్గుర్ని అడిగితే నాలుగో ఆయన చూపించాడు. నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. ఎవరి గడపలోనో నిలబడుతున్నామని గుర్తుంచుకుని అడిగి వెళ్లండి, ఫొటోలకి కూడా అడగండి.

వెళ్లే కాలం గురించి: అక్టోబరు నుంచి మార్చి మంచిది, అందులోనూ ఫిబ్రవరి ఇంకా మంచిది. నవంబరులో పొగ ఎక్కువ, ఆస్తమా ఉన్నవాళ్లు ఆలోచించుకోండి. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకి రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మెట్రో రాత్రి పదకొండు దాకా ఉంటుంది, రైలు వెళ్లే దిశలో మొదటి పెట్టె ఆడవాళ్లది.

దక్షిణ్ ఎక్స్‌ప్రెస్, సికింద్రాబాద్ దురంతో లాంటివి న్యూఢిల్లీకి కాకుండా హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌కి వెళ్తాయి, ఇది తెలియక వేరే స్టేషన్‌కి పరిగెత్తినవాళ్లని చూశాను, టికెట్ ఒకసారి చూసుకోండి. మీ తిరుగు ప్రయాణం అక్కణ్ణుంచే అయితే నిజాముద్దీన్ పేటని చివరి రోజుకి ఉంచుకోండి. గది ఖాళీ చేసి, సామాను స్టేషన్ క్లోక్ రూములో పెట్టేసి, మధ్యాహ్నం సుందర్ నర్సరీలో నడుం వాల్చి, ఎండ తగ్గాక హుమాయూన్ సమాధి చూసి, దీపాలు పెట్టే వేళకి బస్తీలోకి వెళ్లండి. బస్తీ నుంచి స్టేషన్‌కి ఆటోలో పది పదిహేను నిమిషాలు, సాయంత్రం ట్రాఫిక్ ఉంటే ఇంకాస్త.